వెనిగర్ అడిగిన శుక్రవారం

వాల్టర్ ఇమ్రీ వెనిగర్ అడిగాడు.

శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండుంపావు. ఎడిన్‌బరోలో గోర్గీ రోడ్డు మీద డీనో మార్జెల్లా చేపల వేపుడు కొట్టు. కౌంటర్ వెనక ఇష్బెల్ పర్విస్ నిలబడి ఉంది. ఆమె ముందు పరిచిన కాగితం మీద హాడక్ చేప, దాని పక్కన చిప్స్ పొగలు కక్కుతున్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు కొద్దీ కుడిచెయ్యి దానంతట అదే సాస్ సీసా మీదికి పోయి, గాలిలో ఆగిపోయింది.

"ఏం కావాలన్నావు?"

"ఉప్పు, వెనిగర్. చాలండి, మిసెస్ పర్విస్."

మిసెస్ పర్విస్. ఎప్పుడూ "గ్లాస్గో పిల్లా" అని తప్ప పిలిచి ఎరగని మనిషి. డెబ్బై నాలుగేళ్ల వాల్టర్, రిటైరైన బస్సు డ్రైవరు, టోపీ తీసి గుండెకి ఆనించుకుని, గుడిలో నిలబడినట్టు నిలబడ్డాడు. అతని కళ్లు ఆమె ముఖం మీద లేవు. ధరల బోర్డు మీద ఉన్నాయి.

ఇష్బెల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఉప్పు చల్లింది. వెనిగర్ చిలకరించింది. ఆ పుల్లని ఆవిరి ముక్కుకి తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఏడుపు నీళ్లనుకుని వాల్టర్ ఇంకా కిందికి చూశాడు. దాంతో ఆమెకి ఇంకా మండింది.

ఈ పట్నంలో చిప్స్ మీద ఉప్పూ సాసూ వేస్తారు. ముదురు గోధుమరంగు సాస్, వాన తర్వాత కాలవలో నీళ్లలా పల్చగా, పుల్లగా. రైల్లో గంట దూరంలో ఉన్న గ్లాస్గోలో ఉప్పూ వెనిగరూ వేస్తారు. చూసేవాడికి ఇది చిన్న సంగతి. ఈ రెండు ఊళ్లలో పుట్టినవాళ్లెవరూ అలా అనుకోరు.

ఇష్బెల్ గ్లాస్గోలో పార్టిక్ పేటలో పుట్టింది. తండ్రి ఓడలు కట్టేచోట ఇనుప రేకులకి మేకులు బిగించేవాడు. సాయంత్రం ఆయన ఇంటికొస్తే, రోజంతా విన్న సుత్తి దెబ్బలు ఇంకా చెవుల్లోనే ఉన్నట్టు గట్టిగా అరిచి మాట్లాడేవాడు. ఆ ఇంట్లో అందరూ అరిచే మాట్లాడుకునేవారు. ప్రేమా కోపమూ ఒకే గొంతుతో వచ్చేవి. కిటికీ తీస్తే నది మీద క్రేన్లు కొంగల్లా మెడలు చాచి కనిపించేవి. ఇరవయ్యేడో ఏట, ఒక పెళ్లి విందులో ఎడిన్‌బరో నుంచి వచ్చిన సాండీ పర్విస్ అనే నెమ్మదస్తుడు ఆమెతో మూడు పాటలకి డాన్సు చేసి, నాలుగో పాటకి ఆమె కాలు తొక్కి, ఏడాది తిరక్కుండా ఆమెని తనతో తీసుకొచ్చేశాడు. సాండీ బీరు కాచే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. గాలి అటు తిరిగిన రోజున ఉడికిన బార్లీ వాసన పేట మొత్తం కమ్ముకునేది. ఆ వాసనే ఆయన కోటుకీ ఉండేది. పెళ్లయిన కొత్తలో ఇష్బెల్‌కి ఊరంతా తన మొగుడి కోటు కప్పుకుని నిద్రపోతున్నట్టు అనిపించేది.

డీనో తండ్రి ఆమెని పనిలో పెట్టుకున్నది ఆ రోజుల్లోనే. మొదటి మధ్యాహ్నం కొట్టు కిటకిటలాడుతోంది. ఇష్బెల్ ఎవరినీ అడగలేదు. తన ఊళ్లో అడిగే పని లేదు కాబట్టి, వచ్చిన ప్రతి పొట్లం మీదా వెనిగర్ కుమ్మరించి చుట్టి ఇచ్చేసింది. పది నిమిషాల్లో పదకొండు పొట్లాలు తిరిగొచ్చాయి. ఆ వరసలో ముందు నిలబడింది మెరూన్ రంగు బస్సుల యూనిఫారంలో ఉన్న వాల్టర్ ఇమ్రీ.

"ఏ ఊరమ్మా నీది?"

"గ్లాస్గో."

"అదీ సంగతి. చూడు గ్లాస్గో పిల్లా, మా ఊళ్లో చిప్స్ తింటాం. కిటికీ అద్దాలు తుడిచే నీళ్లతో కడిగి పెట్టం."

కొట్టు కొట్టంతా నవ్వింది. ఇష్బెల్ ముఖం ఎర్రబడింది. ఆమె సాస్ సీసా అందుకుని, అతని పొట్లం మీద బోర్లించి, మూడు సార్లు గట్టిగా అదిమింది.

"తీసుకో. మా ఊళ్లో బురద బూట్లకి అంటుతుంది. మీరు తింటారని నాకు తెలీదు."

ఈసారి కొట్టు ఇంకా గట్టిగా నవ్వింది. వాల్టర్ కూడా నవ్వాడు. అక్కడ మొదలైంది. ప్రతి శుక్రవారం, పన్నెండుంపావుకి, ముప్ఫై ఒక్క ఏళ్లు.

"కొండ మీద కోట పెట్టుకుని కిందవాళ్లకేసి ముక్కెగరేసి చూస్తారు. రోజూ ఒంటిగంటకి ఫిరంగి పేల్చకపోతే మీకు ఆకలేస్తోందో లేదో కూడా తెలీదు," అనేది ఇష్బెల్.

"గుర్రం మీద కూర్చున్న దొర విగ్రహానికి రోడ్డు మీది ట్రాఫిక్ కోన్ టోపీలా పెట్టి మురిసిపోయే ఊరు నుంచి వచ్చి, నువ్వు మాకు చెప్తున్నావా?"

"మాకు టోపీ పెట్టడానికి పూర్తయిన విగ్రహమైనా ఉంది. మీరు గుట్ట మీద స్మారకం కడతామని పన్నెండు స్తంభాలు లేపి, ఆవలించి, ఇంటికి పోయారు."

"వానకి ఏ ఊరైనా తడుస్తుంది. మీ ఊరు వానలోనే పుట్టింది."

"వాన నిలువుగా పడితే గొడుగు పట్టుకోవచ్చు. మీ గాలికి ఏం పట్టుకోవాలి, పక్కవాడి మెడా? అయినా మీ ఊళ్లో అన్నిటికంటే గొప్పదేమిటో తెలుసా? గ్లాస్గో వెళ్లే రైలు."

ఈ ఆఖరి మాట ఆమె ఆయుధం. ప్రతి శుక్రవారం దాన్ని చివరికి దాచుకునేది. ఆ మాట పడ్డాక వాల్టర్ టోపీ సర్దుకుని, ఓడిపోయినవాడిలా కాకుండా అరువిచ్చినవాడిలా నవ్వి, పొట్లం చంకన పెట్టుకుని బస్టాపు దగ్గరి గోడ మీద కూర్చుని తినేవాడు.

ఒక సంగతి మాత్రం బయటివాళ్లకి తెలియదు. ఊరు ఊరంతా గొప్పగా చెప్పుకునే ఆ సాస్‌ని కలిపేది ఇష్బెలే. పొద్దున్న పది గంటలకి పెద్ద డబ్బాలోని చిక్కటి సాస్‌లో వెనిగర్, నీళ్లు పోసి, గరిటెతో తిప్పి, ధార ఎలా జారుతోందో కంటితో చూసి సరిపెట్టేది. ఒక్కసారి కూడా నాలిక మీద వేసుకోలేదు. అది ఆమె పంతం.

అయిదు వారాల కిందట సాండీ పోయాడు. ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఒక కవరు వెనక పెన్సిల్‌తో ఎనిమిది పేర్లు రాసి పెట్టాడు. ఇక్కడ శవపేటికని గోతిలోకి దించేటప్పుడు ఎనిమిది తాళ్లు ఉంటాయి. ఏ తాడు ఎవరు పట్టుకోవాలో ముందే రాసుకుని, నంబరు వేసిన చిన్న కార్డులు పంచుతారు. తాడు పట్టుకోమని పిలిచారంటే అంతకంటే దగ్గరితనం లేదు. ఒకటో నంబరు ఇష్బెల్‌ది. నాలుగో నంబరు దగ్గర సాండీ ఇలా రాశాడు: వాల్టర్ ఇమ్రీ. నాకంటే ఎక్కువగా నా పెళ్లాంతో పోట్లాడినవాడు.

అంత్యక్రియల రోజున గాలి సన్నగా కోస్తోంది. తాడు అరచేతుల్లోంచి జారుతుంటే ఇష్బెల్ తలెత్తి చూసింది. ఎదురుగా వాల్టర్ దవడ బిగించి, సాండీ నిద్ర లేస్తాడేమో అన్నంత మెల్లగా తాడు వదులుతున్నాడు. ఆ క్షణాన ఆమెకి ఈ ఊరి మీద ఏ ఫిర్యాదూ లేకపోయింది.

మూడు వారాల సెలవు తర్వాత పనిలోకి వచ్చింది. అప్పటినుంచీ వాల్టర్ రాలేదు. జలుబన్నారు. ఈ శుక్రవారం వచ్చాడు. వచ్చి వెనిగర్ అడిగాడు.

అతనొక్కడే అయితే ఇష్బెల్ ఎలాగో మింగేసేది. అతని వెనక నిలబడిన పోస్టుమాన్ కూడా వెనిగరే అన్నాడు. మంగలి షాపు ఆడ్రీ వెనిగర్ అంది. ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి కోసే ఇద్దరు కుర్రాళ్లు, సాస్‌లో చిప్స్ ఈదాలనేవాళ్లు, ఒకరి మోచెయ్యి ఒకరు పొడుచుకుని, "మాక్కూడా వెనిగర్, మేడమ్" అన్నారు. ఒంటిగంటకి కోట మీద ఫిరంగి పేలింది. అప్పటికి సాస్ సీసా ఒక వేలెడు కూడా దిగలేదు.

ఒక్కరూ గ్లాస్గో మాట ఎత్తలేదు. ఆడ్రీ మాత్రం వెళ్లబోతూ, చెయ్యి నొక్కి, "గ్లాస్గో మంచి ఊరే ఇష్బెల్. నేనెప్పుడూ అంటుంటాను," అంది. పదిహేనేళ్లలో ఆడ్రీ ఆ ఊరిని డ్రైనేజీతో తప్ప దేనితోనూ పోల్చలేదు.

రెండు గంటలకి చెత్త సంచి పట్టుకుని ఇష్బెల్ బయటికొచ్చింది. బస్టాపు పక్కనున్న చెత్తడబ్బా నోరు తెరిచి ఉంది. దాని నిండా సగం విప్పిన కాగితాలు, వాటిలో సగం కూడా తినని చిప్స్. సముద్రపు కొంగలు పదో పన్నెండో దాని మీద వాలి, రెక్కలతో కొట్టుకుంటూ, ఒకదాని ముక్కులోంచి ఒకటి లాక్కుంటున్నాయి. పైనున్న పొట్లంలో హాడక్ మాత్రం తినేశారు. వలిచిన చర్మం పక్కన చిప్స్ అన్నీ అలాగే ఉన్నాయి. చేపకి చర్మం వలిచి అంచున వరసగా పెట్టే అలవాటు ఈ పేటలో వాల్టర్ ఒక్కడికే ఉంది.

తినలేని దాన్ని అడిగారు. ఆమె కోసం అడిగారు. ఆమె చూడదనుకుని కొంగలకి వేశారు.

చెత్త సంచి అక్కడే వదిలేసి కొట్లోకి వచ్చింది. డీనో బంగాళాదుంపలు చెక్కు తీసే యంత్రం దగ్గర ఉన్నాడు. ఈ కొట్లోనే పాకుతూ పెరిగిన నలభయ్యేళ్ల మనిషి. ఆమె ముఖం చూడగానే యంత్రం ఆపేశాడు.

"ఎవరు చెప్పారు వాళ్లకి?"

"ఏం చెప్పడం, ఇష్బెల్ ఆంటీ?"

"డీనో, నీ ముక్కు నేను తుడిచాను. నా దగ్గర నటించకు."

అతను చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఊరికే అన్నాను ఆంటీ. కొన్నాళ్లు గ్లాస్గో మీద జోకులు వద్దని. నీ మనసు కష్టపెట్టొద్దని. వెనిగర్ సంగతి నేను చెప్పలేదు. అది వాళ్లే అనుకున్నట్టున్నారు."

"నా మనసుని ఫ్రిజ్‌లో పెట్టి కాపాడమని నిన్నడిగానా?"

"మంచికే కదా ఆంటీ."

"చుట్టాన్ని చేశారు నన్ను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇక్కడ నూనె పొగ మింగాను. సాండీ పోయిన అయిదు వారాలకి చుట్టాన్ని చేసి కుర్చీ వేశారు. చుట్టాలు ఏం చేస్తారు డీనో? కొన్నాళ్లుండి వెళ్లిపోతారు."

ఆమె ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించింది. మేకు ఊడొచ్చింది. దాన్ని కౌంటర్ మీద పెట్టి ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం చెల్లెలు ఫ్లోరా పార్టిక్ నుంచి ఫోను చేసింది. వారం రోజులుగా అదే మాట. తన ఎదురు వాటా ఖాళీ అయింది. ఇంటి ఏజెంటు పై వారం ఆదివారం దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు.

"వచ్చెయ్యక్కా. సాండీ బావ ఉన్నన్నాళ్లూ సరే. ఇప్పుడు ఆ బిగుసుకుపోయిన ఊళ్లో నీకెవరున్నారు?"

క్రితం వారం ఇదే ప్రశ్నకి ఇష్బెల్ నవ్వి, "పోట్లాడ్డానికి ఒక ముసలోడున్నాడు" అంది. ఈసారి నవ్వు రాలేదు. కిటికీ అవతల బార్లీ వాసన మెల్లగా వీధి దిగుతోంది. గోడకి తగిలించిన సాండీ కోటుకి మాత్రం ఆ వాసన లేదు. ఎప్పుడు పోయిందో ఆమె గమనించలేదు.

"ఎవరూ లేరు," అంది. "పై వారం ఆదివారం వచ్చి తాళాలు తీసుకుంటాను."

సోమవారం డీనోని ఖాళీ అట్టపెట్టెలు అడిగింది. ఎందుకని అతను అడగలేదు. ఆరు పెట్టెలు తెచ్చి పెట్టాడు. ఆ వారమంతా పేటలో మర్యాద పొగమంచులా పేరుకుంది. అందరూ తలుపులు తెరిచి పట్టుకున్నారు, అందరూ వెనిగరే అడిగారు, కొంగలు బలిశాయి. ఇష్బెల్ పళ్లు బిగించి ఒక్కొక్క పొట్లం కట్టింది. పొట్లం కట్టేటప్పుడు కాగితం చిరిగేంత గట్టిగా మడిచింది.

మళ్లీ శుక్రవారం వచ్చింది. పన్నెండుంపావు. వాల్టర్ టోపీ తీశాడు.

"నమస్కారమండి, మిసెస్ పర్విస్. ఒక హాడక్, చిప్స్. ఉప్పు, వెని..."

"వెనిగర్ లేదు."

వాల్టర్ ఆమె మోచేతి పక్కనున్న నిండు సీసాకేసి చూశాడు.

"అదేమిటండీ మరి?"

"అది నాది. నీకివ్వను."

డీనో నూనెలోంచి జల్లిగరిటె తియ్యడం మర్చిపోయాడు.

"పోనీ ఉత్తివే ఇవ్వండి," అన్నాడు వాల్టర్.

"ఇవ్వండి, చూడండి, వెళ్లండి. ఈ అండీలు ఎప్పటినుంచి వాల్టర్ ఇమ్రీ? చెత్తడబ్బాలో నీ చేప చర్మం చూశాను. కొంగలకి పెట్టడానికి నా చేత వేయించుకుంటున్నావా? వారం రోజులుగా ఈ వీధిలో ఒక్క మగాడికీ, ఒక్క ఆడదానికీ నన్ను తిట్టే ధైర్యం లేదు. గాజుబొమ్మలా చూస్తున్నారు. నా మొగుడు పోయాడు. నా నోరు పోలేదు."

"ఎలా పోట్లాడమంటావు?" వాల్టర్ గొంతు ఒక్కసారి లేచింది. మర్యాద ఎక్కడో జారిపోయింది. "ఈ చేతులతోనే కదా సాండీని కిందికి దించాను. అదే చేత్తో డబ్బులిచ్చి, అదే నోటితో నీ ఊరిని తిట్టమంటావా?"

"ఆ తాడు నీకెందుకిచ్చాడనుకున్నావు? నువ్వు బస్సు బాగా తోలావనా? కవరు మీద రాసి మరీ పోయాడు, నాతో పోట్లాడినవాడివని. ఆ మనిషి పోతూ పోతూ నీకొక పని అప్పజెప్పాడు. నువ్వు టోపీ తీసి నిలబడ్డావు."

వాల్టర్ టోపీ కౌంటర్ మీద పెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మరి నువ్వు చేసిందేమిటి?"

"నేనేం చేశాను?"

"తొమ్మిదేళ్ల కిందట. మా ఆవిడ మార్గరెట్ పోయినప్పుడు. ఆ శుక్రవారం ఇక్కడికొచ్చాను. ఇంట్లో ఉండలేక వచ్చాను. నువ్వేదో ఒకటి అంటావని వచ్చాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

ఇష్బెల్ గుర్తు చేసుకోబోయింది.

"ఏమీ అనలేదు," అన్నాడు వాల్టర్. "తలొంచుకుని, సాస్ వేసి, అడక్కుండా ఇంకో చేప ముక్క పెట్టి చేతికిచ్చావు. తర్వాత వారమూ అంతే. ఆ పై వారమూ అంతే. మూడు శుక్రవారాలు. ఆ గోడ మీద కూర్చుని నేను పుట్టిన ఊరినే పరాయి ఊరిలా చూసుకున్నాను. ఈ మర్యాద నీ దగ్గర నేర్చుకున్నదే. చావొచ్చిన ఇంటికి గ్లాస్గో వాళ్లు ఇలా చేస్తారు కాబోలు అనుకున్నాను. నీకు నీ పద్ధతిలోనే మర్యాద చేద్దామని అనుకున్నాను."

నూనెలో చిప్స్ మాడుతున్న వాసన వచ్చింది. డీనో ఉలిక్కిపడి జల్లి పైకి లాగాడు.

ఇష్బెల్‌కి ఆ మూడు శుక్రవారాలు ఇప్పుడు కనిపించాయి. అడక్కుండా పెట్టిన చేప ముక్క కనిపించింది. ఎంత మంచి పని చేశానని ఆ రోజు ఇంటికెళ్లి సాండీకి చెప్పుకుందో గుర్తొచ్చింది. సాండీ పేపర్లోంచి తలెత్తి, "ఏమీ అనలేదా? పాపం," అన్నాడు. పాపం అన్నది మార్గరెట్ గురించి అనుకుంది. తొమ్మిదేళ్లూ అలాగే అనుకుంది. వారం రోజులుగా ఊరి మీద రగిలిన కోపం ఒక్కసారి తిరిగొచ్చి ఆమె మీదే కూర్చుంది. అది అక్కడ ఇంకా ఎక్కువ కాలింది.

"నాలుగో వారం ఏమన్నాను?" అంది చివరికి.

"నా కోటు చూసి, మీ ఊళ్లో ఇస్త్రీపెట్టె కూడా కోట మీదే పెట్టి తాళం వేస్తారా అన్నావు."

"నువ్వు?"

"ఆ రాత్రి నిద్రపోయాను. మొదటిసారి."

ఎవరో వెనకనుంచి దగ్గారు. ఇష్బెల్ కళ్లు తుడుచుకోలేదు. సాస్ సీసా అందుకుంది.

"ఇవతలికి జరుగు," అంది. ఉప్పు చల్లింది. సాస్ పోసింది. చిప్స్ కనిపించకుండా పోసింది. అందులో ఒకటి తీసుకుని, అందరూ చూస్తుండగా, నోట్లో వేసుకుని నమిలింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి.

"ఎలా ఉంది?" వాల్టర్ అడిగాడు.

"తడిసిన అట్టపెట్టెలా ఉంది. ఇన్నాళ్లూ నేను కలిపి పెట్టింది ఇదా? జాలేస్తోంది మీ మీద."

ఆడ్రీ మొదట నవ్వింది. తర్వాత అందరూ. ఇష్బెల్ నవ్వలేదు. ఆమెకింకా కోపంగానే ఉంది, కానీ ఆ కోపానికి ఇప్పుడు కాళ్లు నేలకి ఆనాయి.

వాల్టర్ పొట్లం అందుకుని, వెంటనే కదలకుండా, కౌంటర్ చివర పేర్చిన అట్టపెట్టెలు చూశాడు. సోమవారం నాటి ఆరింటిలో ఇంటికి మోసుకుపోనివి రెండు ఇంకా అక్కడే ఉన్నాయి.

"ఆదివారం రైలెక్కుతున్నావని విన్నాను, గ్లాస్గో పిల్లా."

"ఎక్కుతున్నాను. ఆ ఇల్లు వద్దని ఫ్లోరాకి మొహం మీదే చెప్పాలి. ఫోన్లో చెప్తే ఏడుస్తుంది. సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చేస్తాను."

వాల్టర్ టోపీ పెట్టుకున్నాడు. అంచు సర్దుకున్నాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"గ్లాస్గోలో అన్నిటికంటే గొప్పదేమిటో తెలుసా?" అన్నాడు. "ఎడిన్‌బరో వచ్చే రైలు."

"అది నా మాట. దొంగా. నా మాట అది."

"ముప్ఫై ఒక్క ఏళ్లు వాడుకున్నావు. చాల్లే."

తలుపు మూసుకుంది. ఇష్బెల్ కౌంటర్ మీద గుడ్డ విసిరికొట్టింది. వచ్చే శుక్రవారానికి కొత్త మాట వెతుక్కోవాలి, ఇంకా పదునైనది, వాడి చెవులు వారం రోజులు ఎర్రగా ఉండేది. "తర్వాత ఎవరు?" అని అరిచింది. "పోస్టుమానూ, నోరు తెరువు. ఏం కావాలి?"

"ఉప్పూ సాసూ," అన్నాడు పోస్టుమాన్, "మీ ఊరి వాన కంటే కాస్త చిక్కగా."

పొట్లం కడుతూ ఆమె కిటికీలోంచి చూసింది. బస్టాపు గోడ మీద వాల్టర్ ఒళ్లో కాగితం పరుచుకుని, చేప చర్మం అంచున వరసగా పెట్టుకుంటూ, చిప్స్ ఒక్కొక్కటే తింటున్నాడు. కొంగలు దగ్గరికొచ్చి అతని బూట్ల చుట్టూ తిరిగాయి. అతను కాగితం చివర వరకూ వేలితో తుడిచి, ఉండ చుట్టి, ఖాళీ చేతులు వాటికి చూపించాడు.